చిత్తూరు మాట – మాస్కో ఆట

మనవాళ్ళు ఏ దేశం పోయినా ముందు ఊరగాయ సీసా సర్దుకుంటారు. మన సినిమా దేశాలు పోయేటప్పుడు మాత్రం ఏం వెంట తీసుకుపోతుందో, ఏం గడప లోపలే వదిలేసి పోతుందో ఎవరూ లెక్క రాసిన పాపాన పోలేదు. కోట్లలో వసూళ్ళ లెక్కలైతే బోలెడన్ని వున్నాయి. నేను రాయబోయేది ఆ లెక్క కాదు.

2022 డిసెంబరు 1వ తేదీన మాస్కోలోనూ, 3వ తేదీన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ ‘పుష్ప’ మొదటి భాగాన్ని ప్రత్యేకంగా ఆడించారు. రష్యాలో జరిగిన ఐదవ భారతీయ చలనచిత్రోత్సవానికి అది ఆరంభ చిత్రం. ఉత్సవమంటే ఒక్క ఊళ్ళో పందిరి వేసి, నాలుగు రోజులు ఆడించి, పందిరి పీకేసే రకం కాదు. 24 రష్యన్ నగరాల కోసం తలపెట్టిన ఉత్సవం. మన సురభి వారిలాగా, పాతకాలపు డేరా సినిమాలాగా ఊరూరా తిరిగేదన్నమాట. ఆ తర్వాత 8వ తేదీన రష్యన్ మాటలతో మామూలు థియేటర్లలోకి కూడా వచ్చింది. సుకుమార్, అల్లు అర్జున్, రష్మిక, దేవిశ్రీప్రసాద్ అంతా ఆ చలిలో అక్కడికి వెళ్ళి వచ్చారు. ఫోటోలు మనమూ చూశాం.

చూశాం గానీ, ఒక సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. ఆ పోయినది కేవలం ‘తెలుగు సినిమా’ కాదు. చిత్తూరు జిల్లా యాసలో మాట్లాడే సినిమా. (2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది కనుక ఇప్పుడు ఒక్క జిల్లా అనడానికి లేదు. జిల్లాలు విడిపోయినా యాస ఇంకా వేరు కాపురం పెట్టలేదు.) ‘యాడికి పోతా ఉండావు?’, ‘అన్నం తింటివా?’, ‘వాడు రాలే’ – ఇలా మాట్లాడితే చిన్నప్పుడు బళ్ళో అయ్యవార్లు చెవి మెలిపెట్టేవాళ్ళు. రేడియోలో అయితే ఇలాంటి మాట వ్యవసాయదారుల కార్యక్రమంలో తప్ప వినబడితే ఒట్టు. ఆ మాట ఇప్పుడు తెర మీదికెక్కి మాస్కో దాకా పోయింది. పోయిందా, లేక విమానం ఎక్కే ముందే దిగిపోయిందా అన్నదే నా సందేహం.

సినిమా వ్యాపారంలో ‘ఓవర్సీస్’ అని ఒక మాట వుంది. వినడానికి సప్త సముద్రాలు దాటినట్టు వుంటుంది గానీ, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వున్న మన గుంటూరు, నెల్లూరు, మదనపల్లె పిల్లలే మన సినిమాను మనకన్నా ఒక పూట ముందు చూడడం దాని అసలు అర్థం. అంటే ఇంటి భోజనాన్నే క్యారియర్లో పెట్టి పంపడం. అందులో తప్పేమీ లేదు. అయితే దానివల్ల సినిమాకు పరీక్ష జరగదు. తెలుగు ముక్క రానివాడు, తిరుపతి ఎక్కడుందో తెలియనివాడు టిక్కెట్టు కొని కూర్చున్నప్పుడు జరిగేదే పరీక్ష. రష్యాలో జరిగింది ఆ పరీక్ష. 2022 అక్టోబరు 21 నుంచి జపానులో ‘ఆర్ఆర్ఆర్’కు జరిగింది కూడా అదే. అయితే ‘ఆర్ఆర్ఆర్’కు ఒక సౌకర్యం వుంది. అందులో పులి వుంది, వంతెన వుంది, నాట్యం వుంది. వీటికి యాస అక్కర్లేదు. ‘పుష్ప’ సంగతి అలా కాదు. దాని ప్రాణం నాలిక చివర వుంది.

మన సినిమాల్లో రాయలసీమ మాటకు ఇన్నాళ్ళూ దక్కిన మర్యాద ఎటువంటిదో పాఠకులకు నేను చెప్పాలా? హీరో కృష్ణా గుంటూరు మాట మాట్లాడతాడు. సుమోల్లోంచి దిగేవాళ్ళు సీమ మాట మాట్లాడతారు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’లో జయప్రకాశ్ రెడ్డి గారు ఆ యాసతో గడగడలాడించాక, ఇక సీమ యాస అంటే మీసం, కత్తి, తొడ అని ఖాయం అయిపోయింది. ఆయన గొప్ప నటుడు, కర్నూలు వైపు మాటను అంత సొంపుగా పలికినవాళ్ళు అరుదు. కానీ మిగతా పరిశ్రమకు కర్నూలూ కడపా అనంతపురమూ చిత్తూరూ ఒకే గంపలో గుమ్మడికాయలు. చిత్తూరు మాటకు ఒకవైపు అరవం, ఒకవైపు కన్నడం, ఇంకోవైపు నెల్లూరు తగిలి, అందులోంచి వచ్చే ఒక వింత మెత్తదనం వుంది. ఆ మెత్తదనంలోనే దెప్పిపొడుపు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి మిట్టూరోడి కథలు చదివినవాళ్ళకు అది తెలుసు. ‘పిలకాయలు’ అనే మాటను అచ్చులో చూసి ముసిముసి నవ్వులు నవ్వుకున్న తరం మాది.

కాబట్టి 2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చినప్పుడు తిరుపతిలో హాలు హాలంతా ఒక విచిత్రమైన స్థితిలో కూర్చుంది. జనం కథ చూడడం మానేసి మాట విన్నారు. ‘ఉండాది’ అన్నప్పుడల్లా వెనక వరసలో ఎవరో ఒకరు పక్కవాణ్ణి మోచేత్తో పొడుస్తున్నారు. మా ఆవిడ పుట్టిల్లు చంద్రగిరి దగ్గర పల్లె. ఇలాంటి విషయాల్లో మా ఇంట్లో ఆమే హైకోర్టు. సినిమా అయ్యాక తీర్పు అడిగాను. ‘‘క్రియలు బాగుండాయి, మనుషులే కొంచెం కొత్తగా ఉండారు’’ అంది. ఆ మాట నేను ఎన్ని రోజులు ఆలోచించినా దానికన్నా మంచి విమర్శ నాకు దొరకలేదు.

నిజమే. అల్లు అర్జున్ కష్టపడి నేర్చుకున్నాడు. భుజం ఒకటి ఎత్తి, గడ్డం కింద చేయి పోనిచ్చి, మాటను పళ్ళ సందున నమిలి వదిలిన తీరులో దీక్ష కనబడుతుంది. జాతీయ ఉత్తమ నటుడి బహుమతి తెలుగువాడికి రావడం అదే మొదలు. అయితే ఆయన మాటలో మా ఊళ్ళ వరసలు తక్కువ. ఇక్కడ ఒక మనిషి ఇంకో మనిషిని పలకరించాలంటే ముందు వరస తేల్చుకోవాలి. అబ్బా, నాయనా, అప్పా, మామా, రెడ్డెప్పా, అక్కయ్యా. బస్సులో సీటు అడగాలన్నా చుట్టరికం కలిపే అడుగుతారు. సినిమాలో మాట మాత్రం ఎక్కువగా సవాలుకే వాడుకున్నారు. ఆ కొరత కొంత తీర్చింది కేశవ. కథ చెప్పే ఆ గొంతులో అరుగు మీద కూర్చుని ఊరి సంగతులు చెప్పే ధోరణి వుంది. హీరో కన్నా వాడే నాకు మా జిల్లావాడిగా తోచాడు. రష్యన్లకు ఈ తేడా అందడానికి వీల్లేదు. వాళ్ళకు ఇద్దరి నోటా వినబడేది ఒకే రష్యన్.

ఇక ఆ ఊతపదం. ‘తగ్గేదే లే’ అన్నది దేశమంతా పాకింది. క్రికెట్ మైదానాల్లో గడ్డం కింద చేయి పోనివ్వని ఆటగాడు లేడు. దాన్ని ఏ భాషలో పెట్టినా ‘నేను వెనక్కు తగ్గను’ అనే ప్రతిజ్ఞగా మారుతుంది. మా వైపు ఆ మాట అసలు పుట్టిల్లు సంత. ‘‘కాయ ఎంతమ్మా?’’, ‘‘ఇరవై’’, ‘‘పదైదుకు ఇస్తివా?’’, ‘‘తగ్గేది లేదు పో నాయనా’’ – ఇదీ దాని వంశవృక్షం. చెట్టు కింద గంప పెట్టుకున్న అవ్వ నోట్లో ఆ మాటకు కోపం వుండదు, వెనక్కు పిలిచే దారి కూడా వుంటుంది. నాలుగడుగులు వేస్తే ‘‘సరే, రా’’ అంటుంది. సినిమా ఆ మాటలోంచి బేరాన్ని తీసేసి పౌరుషాన్ని మాత్రం వుంచుకుంది. వుంచుకోవచ్చు, అది రచయిత హక్కు. కాకపోతే 2025 వేసవిలో ఇదే చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, దానికి ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందనీ చెప్పిన రోజుల్లో, ట్రాక్టర్ల మీద కాయలతో వరసల్లో నిలబడిన రైతులను తలుచుకుంటే, ఆ ఊతపదం ఎవరు అనగలరు, ఎవరు అనలేరు అన్న ప్రశ్న నాకు వచ్చింది.

ఇక్కడ కొంచెం దారి మళ్ళి హాంకాంగ్ పోయి వద్దాం. అక్కడివాళ్ళ మాట కాంటనీస్. చైనా రాజభాష వేరు, మాండరిన్. కాంటనీస్ మాట్లాడేవాళ్ళు ఎనిమిది కోట్లకు తక్కువ వుండరని అంచనా. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. అంటే తూకం సరిపోయింది. వాళ్ళ సినిమా కథ వింటే మన యాసల కథ గుర్తొస్తుంది. 1960లలో కాంటనీస్ సినిమాలు కుప్పలు తెప్పలుగా వచ్చేవి. తర్వాత మాండరిన్ సినిమాలు డబ్బుతో, రంగులతో, హుందాతనంతో వచ్చి వీటిని తొక్కేశాయి. కాంటనీస్ అంటే పాత కాలపు మాట, పనిమనుషుల మాట అయిపోయింది. 1972 నాటికి కాంటనీస్ సినిమా తీసే నాథుడే లేకుండా పోయాడు. మన ఊళ్ళలో కుర్రాళ్ళు చొక్కాలిప్పి అద్దం ముందు నిలబడి అనుకరించిన బ్రూస్ లీ కూడా 1971 నాటి ‘ది బిగ్ బాస్’లో తెర మీద పలికింది మాండరినే. అలాంటి సమయంలో, 1973లో, చోర్ యువెన్ అనే దర్శకుడు ‘ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్’ అని ఒక హాస్యచిత్రం తీశాడు. ఒక పాడుబడ్డ లోగిలి, అందులో ఇరుకిరుగ్గా కాపురాలు, అద్దె కోసం పీక్కుతినే ఇంటావిడ. అంతే కథ. కానీ మాట కాంటనీస్. జనం తమ మాట తాము విని ఎన్నాళ్ళయిందో! ఆ ఏడాది హాంకాంగ్‌లో సాక్షాత్తూ ‘ఎంటర్ ది డ్రాగన్’ను మించి వసూలు చేసింది. దాంతో కాంటనీస్ సినిమా మళ్ళీ లేచి కూర్చుంది.

గమనించవలసిన సంగతేమంటే, లేపింది వీరుడు కాదు, లోగిట్లో అద్దెకున్నవాళ్ళు.

ఈ కాలంలో వాళ్ళింకో పని చేస్తున్నారు. 2022 నుంచి హాంకాంగ్ అంతర్జాతీయ చలనచిత్రోత్సవ సంఘం వాళ్ళు ప్రభుత్వ సహాయంతో ‘మేకింగ్ వేవ్స్’ అనే పేరు పెట్టి, కొత్త సినిమాలూ కొన్ని పాతవీ మూటగట్టి, దేశదేశాల నగరాలకు తిప్పుతున్నారు. టోక్యో పోయింది, లండన్ పోయింది. ఆ మూటలో ఒకటే పెద్ద సినిమా వుండదు. ఒక నేరపరిశోధన, ఒక కుటుంబ హాస్యం, ఒక కొత్త దర్శకుడి మొదటి ప్రయత్నం – ఇలా వుంటాయి. హాంకాంగ్ సినిమాలకు ఇంకొక అలవాటు కూడా వుంది. తెర కింద అక్షరాలు వాళ్ళ ఇంటి ప్రేక్షకులకు కూడా వుంటాయి. చెవికి కాంటనీస్, కంటికి ఎక్కువగా గ్రంథాల చైనా భాష. మనం ‘యాడికి పోతా ఉండావు’ అని వింటూ కింద ‘ఎక్కడికి వెళ్ళుచున్నావు’ అని చదువుతున్నట్టు. చిన్నప్పటినుంచీ అలా చూసిన జనానికి మాటకూ రాతకూ మధ్య వుండే సందు బాగా తెలుసు. బయటివాళ్ళకు సినిమా పంపేటప్పుడు ఆ తెలివి పనికొస్తుంది కాబోలు.

2024లో వచ్చిన వాళ్ళ ‘ది లాస్ట్ డ్యాన్స్’ చూస్తే నాకు ఇదే తోచింది. చావు ఇంటి తంతుల మీద సినిమా. కరోనాతో దెబ్బతిని అప్పులపాలైన పెళ్ళిళ్ళ కాంట్రాక్టరు ఒకడు అంత్యక్రియల వ్యాపారంలోకి వస్తాడు. అక్కడ ఒక పెద్దాయన, చచ్చినవాడి ఆత్మను నరకద్వారం బద్దలుకొట్టి బయటికి తెచ్చే తంతు జరిపే పురోహితుడు. ఆయనకు కూతురు వుంది, ఆడది కనుక ఆ విద్య నేర్పడు. కొడుకుకు నేర్పాడు, వాడికి ఇష్టం లేదు. ఇది మన వైపు చితికి నిప్పెవరు పెట్టాలని కొట్లాడుకునే ఇళ్ళకు చెప్పనక్కర్లేని కథ. ఆ తంతులోని ప్రతి వివరం హాంకాంగ్‌కే సొంతం. అయినా మనకు అర్థమవుతుంది. ఎందుకంటే ఏమీ తెలియని పెళ్ళిళ్ళ కాంట్రాక్టరును మధ్యలో పెట్టి, వాడికి చెబుతున్నట్టు మనకు చెప్పారు. స్థానికుడికి అవమానం లేదు, పరాయివాడికి అయోమయం లేదు. అక్కడి స్థానిక చిత్రాల వసూళ్ళలో అది రికార్డు సృష్టించింది కూడాను.

ఇప్పుడు ‘పుష్ప’ రెండవ భాగానికి వస్తాను. 2024 డిసెంబరు 5న వచ్చింది. అందులో గంగమ్మ జాతర ఘట్టం వుంది కదా. ముఖానికి నీలం రంగు, చీర, మెడనిండా నిమ్మకాయల దండ. దేశమంతా దాన్ని చూసి నోరు తెరిచింది. ఇక్కడ తాతయ్యగుంట గంగమ్మ గుడి వీధిలో తిరిగిన మాబోటివాళ్ళకు మాత్రం నోరు తెరవడానికి ముందు ఒక మాట అనాలని వుంటుంది.

తిరుపతి జాతర మే నెలలో వారం రోజులు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం – రోజుకొకటి. ఊళ్ళో ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ ఆ వేషాలన్నీ వేసిందనీ, భయపడి దాక్కున్నవాడు దొర వేషం చూసి బయటికి వస్తే తల నరికిందనీ కథ. ఆ మర్నాటి మాతంగి వేషం మాత్రం చంపడానికి కాదు. మొగుడు పోయిన పాలెగాడి భార్యను ఓదార్చడానికి. అందుకే జాతరలో మగవాళ్ళు మొక్కుకుని చీరలు కడతారు, జడలు వేస్తారు, పూలు ముడుస్తారు. బ్యాంకు ఉద్యోగి, ఆటో డ్రైవరు, కాలేజీ కుర్రాడు అందరూ. పక్కన పెళ్ళామే నిలబడి కుచ్చిళ్ళు సవరిస్తుంది. కొండ మీది వెంకటేశ్వరుడు చెల్లెలికి సారె పంపుతాడు. జాయ్స్ ఫ్లూకిగర్ అనే అమెరికా ఆచార్యురాలు ఈ జాతర మీద ఒక పుస్తకమే రాసింది, 2013లో. లోకమంతా ఆడదైపోయే వేళ ఇది అని ఆవిడ అన్నది. మా వీధిలో ఏ అవ్వను అడిగినా అదే మాట ఇంకోలా చెబుతుంది.

అంటే జాతరలో చీర కట్టడమంటే మగతనాన్ని ఒక రోజు గూట్లో పెట్టడం. సినిమాలో హీరో చీర కడితే మగతనం రెండింతలైంది. చిత్రీకరణ గొప్పగా వుంది, ఒప్పుకుంటాను. ఆడపిల్ల పుట్టాలని వాడు మొక్కుకోవడం, అన్న కూతురి మీద చేయి వేసినవాళ్ళను చీలుస్తూ పోవడం జాతర కథకు దగ్గరగానే వున్నాయి. కానీ సినిమా ‘దొర వేషం’ దగ్గరే ఆగిపోయింది. ‘మాతంగి’ దాకా రాలేదు. చంపిన తర్వాత చచ్చినవాడి ఇంటికి పోయి ఓదార్చే దేవతను ఏ దేశపు ప్రేక్షకుడైనా అంతవరకు చూసి వుండడు. నిజంగా లోకానికి కొత్తగా చూపించవలసిన సరుకు అది. దాన్ని ఇంటి దగ్గరే మరిచి, ఎక్కడైనా దొరికే యుద్ధాన్ని సర్దుకుపోయారు.

పోనీ అన్నీ పోయాయా అంటే, లేదు. ఒకటి మాత్రం రష్యాలో మన దగ్గరకన్నా బాగా అర్థమై వుంటుందని నా నమ్మకం. ఇంటిపేరు. కథ మొత్తానికి మేకు అదే. మొల్లేటి వారి ఇంటిపేరు వాడికి దక్కనివ్వరు సవతి అన్నలు. నిశ్చితార్థం రోజు నలుగురిలో తల్లిని కించపరుస్తారు. దీన్ని ఇంగ్లీషులో చెబితే ఏదో దరఖాస్తు ఫారంలో గడి ఖాళీగా వున్నట్టు వుంటుంది. రష్యావాళ్ళకు అలా కాదు. వాళ్ళ పేరులో తండ్రి పేరుతో కట్టిన భాగం ఒకటి తప్పనిసరిగా వుంటుంది. మర్యాదగా పిలవాలంటే పేరూ, ఆ తండ్రిపేరూ కలిపే పిలుస్తారు. అలాంటి దేశంలో తండ్రి పేరు లాగేసుకున్న కొడుకు బాధ వేరే చెప్పనక్కర్లేదు. పైగా వాళ్ళకు ఈ కథ కొత్తదీ కాదు. 1954లో సోవియట్ దేశాన్ని ఊపేసిన రాజ్ కపూర్ ‘ఆవారా’లో హీరో ఎవరు? అనుమానంతో తండ్రి గెంటేసిన తల్లికి వీధిలో పుట్టినవాడే కదా. ఆ తల్లీకొడుకుల కోసం కళ్ళు తుడుచుకున్నవాళ్ళ మనవలు 2022లో పుష్పరాజ్‌ను చూశారు. ఇది ఉత్సవం నడిపినవాళ్ళు ఆలోచించి ఎన్నారో, యాదృచ్ఛికమో నాకు తెలియదు గానీ, యాస పోయినా కథ నిలబడే చోటు అది. పౌరుషం కాదు, తల్లి ముఖం.

అడవి సంగతి కూడా చెప్పాలి. శేషాచలం అడవి తెలిసినవాళ్ళకు ‘పుష్ప’ అడవి పరాయి అడవి. చాలా భాగం గోదావరి వైపు మారేడుమిల్లిలో తీశారు. పచ్చగా, తడిగా, పొగమంచుతో అందంగా వుంటుంది. మా కొండలు అలా వుండవు. రాయి, ఎండ, పొదలు. ఎర్రచందనం ఆ చవిటి రాతినేలలో ఏళ్ళకేళ్ళు నిదానంగా పెరిగి లోపల ఎర్రబడుతుంది. ప్రపంచంలో ఈ దక్షిణపు తూర్పు కనుమల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా లేదు. పచ్చటి అడవిలో దాన్ని చూపిస్తే చెట్టు అంత ఖరీదు ఎందుకైందో కంటికి తెలియదు. మాస్కోవాళ్ళు పట్టించుకోరు, నిజమే. నాకు మాత్రం పానకంలో పుడకలాగా తగులుతూనే వుంది.

అంతకన్నా పెద్దది ఇంకొకటి. ఆ అడవిలో గొడ్డలి పట్టేవాడు సినిమాలో ఎదిగి రాజవుతాడు. బయట అలా జరగలేదు. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలం అడవుల్లో, చంద్రగిరి మండలం వైపు, పోలీసుల కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. కూలి కోసం కొండెక్కినవాళ్ళకు దుంగ ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో తెలిసి వుంటుందా? సినిమాలో కూలీలు పాటకు అడుగులు కలుపుతారు, లారీ ఎక్కుతారు, దిగుతారు. వాళ్ళలో ఒక్కడి ఊరు ఏదో, ఇంట్లో ఎవరెవరున్నారో రెండు భాగాలు చూసినా మనకు తెలియదు. అరవం మాట్లాడే కూలీ ఒకడు, చిత్తూరు తెలుగు మాట్లాడే మేస్త్రీ ఒకడు, ఇద్దరి మధ్య సగం సగం భాషలో నడిచే మాటలు – మా సరిహద్దుల్లో రోజూ వినబడే సంగీతం అది. అది ఒక్క ఐదు నిమిషాలు పెట్టి వుంటే యాసకు న్యాయం జరిగేది, చచ్చినవాళ్ళకూ కొంత జరిగేది.

సినిమా కన్నా ముందే చెట్టు దేశాలు పోయింది, అదొక చిత్రం. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఎర్రచందనం వ్యాపారం మీద కట్టడి వుంది. అయినా దుంగలు ఓడలెక్కుతూనే వున్నాయి. మనం ఇందాక పోయి వచ్చిన హాంకాంగ్ రేవులోనే కస్టమ్స్ వాళ్ళు ఎన్నోసార్లు పట్టుకున్నారు. దుంగకు సబ్‌టైటిల్స్ అక్కర్లేదు కదా. రెండవ భాగం హీరో జపాను రేవులో కంటెయినర్‌లోంచి దిగి, జపాను మాట మాట్లాడుతూ మొదలవుతుంది. మావాడు జపానీస్ నేర్చుకున్నాడు గానీ, చిత్తూరు మాటకు జపాను చెవి దొరికిందో లేదో తెలియదు.

నన్నెవరైనా అడిగితే – అడగరు, అయినా చెబుతాను – హాంకాంగ్‌వాళ్ళలాగా మన మూల నుంచి కూడా ఒక మూట కట్టవచ్చు. ‘పుష్ప’ వుండనివ్వండి, జనం దాని పేరు చూసి వస్తారు. దాని పక్కన ‘సినిమా బండి’ పెట్టాలి. 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వం. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరికితే, ఆటో నడిపే వీరబాబు ఊరివాళ్ళందరినీ పోగేసి సినిమా తీయబోతాడు. కర్ణాటక సరిహద్దు పల్లె, మా పలమనేరు పుంగనూరు మాటకు తోబుట్టువు లాంటి మాట. క్షవరం చేసేవాడు హీరో, కూరగాయలమ్మే పిల్ల హీరోయిన్. అందులో యాసను ఎవరూ నేర్చుకున్నట్టు లేదు, దాంతోనే పుట్టినట్టు వుంది. ఊతపదాలు లేవు, వరసలు వున్నాయి. నవ్వు మనిషి మీద కాదు, మనిషితో కలిసి వస్తుంది. దాన్ని సమర్పించిన రాజ్ నిడిమోరు మా తిరుపతివాడు, కృష్ణ డి.కె. చిత్తూరువాడు. ఇద్దరూ మా ఎస్.వి. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అమెరికా పోయి, అక్కణ్ణుంచి బొంబాయి సినిమాల్లోకి వచ్చినవాళ్ళు. ఎక్కడెక్కడో తిరిగినవాళ్ళకే ఊరి మాట విలువ తెలిసిందేమో.

మూటలో పాతది కూడా ఒకటి వుండాలి. కడప జిల్లా కొత్తపల్లె నుంచి వచ్చిన బి.ఎన్. రెడ్డి గారి ‘మల్లీశ్వరి’ని 1953లోనే పెకింగ్‌లో చైనా అక్షరాలతో ఆడించారు. అప్పటికి మన వ్యాపారస్థులకు ఓవర్సీస్ అనే మాట పుట్టలేదు. సీమ మనిషి తీసిన సినిమా, నాగరాజు మల్లీశ్వరుల ముచ్చట్లు, చైనావాళ్ళకు ఎలా చేరవేశారో ఆ అక్షరాలు చూడాలని నా కోరిక.

అయితే ఈ మూటకు సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళను మాత్రం జాగ్రత్తగా ఎన్నుకోవాలి. ఎవరో మహానగరంలో కూర్చుని ‘సామీ’ అన్నచోటల్లా దేవుడనో, మొగుడనో ఒకే మాట పెట్టి పారేస్తే లాభం లేదు. మా వైపు కొండకు మొక్కినా సామే, కండక్టరును చిల్లర అడిగినా సామే, చెప్పిన మాట వినని పిల్లవాడికి దండం పెట్టినా సామే. ఏది ఏదో గొంతును బట్టి తేల్చాలి. అందుకు పక్కన ఒక చంద్రగిరి మనిషి కూర్చోవడం అవసరం. మా ఇంట్లో ఒకరున్నారు, ఎవరైనా పూనుకుంటే మాట్లాడి పెడతాను. రేటు దగ్గర మాత్రం బేరానికి నేను పూచీ కాదు.